పాలు కావాలా? పాలు కావాలి



పోయిన నెల యీ శీర్షికలో రేషను కార్డులో పేరు మార్పించుకొనే తంటా గురించి వ్రాశాను. అది చదివి మన సంఘం పఠన మందిరంలో ఒక పెద్దాయన, "కాగితాల సంగతులే ఎంతకాలం వ్రాస్తావయ్యా? పిల్లల సంగతి ఏదైనా వ్రాయి" అన్నారు. పిల్లల సంగతి మా యింట్లోనే ఒకటి వున్నది. మూడేళ్ళనుంచి దాన్ని దాటుకొని మిగతావన్నీ వ్రాస్తూ వచ్చాను. సిగ్గు అనండి, భయం అనండి. మా చెల్లెలిని అడిగాను. "వ్రాయి అన్నయ్యా, పేర్లు మాత్రం వద్దు. మన వీధిలో యింకో రెండిళ్ళవాళ్ళకు పనికివస్తుంది" అన్నది. కనుక యీ నెల ఆ సంగతే.

మా మేనల్లుడికి యిప్పుడు అయిదేళ్ళు నిండాయి. మా బావది వూళ్ళు తిరిగే వుద్యోగం కావటంచేత తల్లీ పిల్లవాడూ మా దగ్గరనే, యీ చూలైలోనే వుంటారు. వాడికి రెండేళ్ళు వచ్చేసరికి మా యింట్లో అందరికీ ఏదో తేడాగా కనిపించింది గాని ఎవరూ పైకి అనలేదు. పేరుపెట్టి పిలిస్తే తల తిప్పడు. అదే పక్కగదిలో బిస్కెట్టు పొట్లం చప్పుడైతే పరుగెత్తుకొని వస్తాడు. క్యారమ్ బిళ్ళలను గోడవారగా వరుసలో పేర్చి, ఒక్కటి కదిపితే యిల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. గిన్నెమూత తిప్పి అది తిరిగినంతసేపూ చూస్తాడు. ఏదైనా కావాలంటే వేలుపెట్టి చూపించడు. మన చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకొని తీసుకుపోయి, అలమర మీద పెడతాడు. మన మొహం వంక చూడడు. మన చెయ్యి వాడికి ఒక గరిటెలాంటిది.

మా అమ్మ వసకొమ్ము తెప్పించింది. చుట్టుపక్కల అరవంవాళ్ళు కూడ దాన్ని పిళ్ళై వళర్ప్పాన్ అంటారు, అంటే పిల్లలను పెంచేది అని. సానరాతిమీద అరగదీసి నాలుకకు రాసింది. (ఇప్పటి వైద్యులు దీన్ని వద్దంటున్నారు, పసిపిల్లలకు వాంతులు పట్టుకొనే ప్రమాదమున్నది.) ఎదురింటి వారు "మగపిల్లలకు మాట ఆలస్యం" అన్నారు. "వాళ్ళ తాతకు అయిదో యేటగాని మాట రాలేదు" అని మా పెద్దమ్మ సాక్ష్యం చెప్పింది. ఆ తాతగారు తరవాత జీవితమంతా మాట్లాడుతూనే వుండి పోయారట. ఇలాంటి సాక్ష్యాలు వింటూ మేము ఒక సంవత్సరం పోగొట్టుకున్నాము. ఆ సంవత్సరం తలచుకుంటే నాకు యిప్పటికీ బాధగానే వుంటుంది. అందుచేత చెప్పవలసింది ముందే చెప్పేస్తాను. ఏడాది దాటి కొన్ని నెలలైనా బిడ్డ వేలితో చూపించకపోతే, పేరుకు పలకకపోతే, ఏడాదిన్నర లోపల ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోతే, ముఖ్యంగా వచ్చిన మాటలు పోతే, తాతగారి కథలు కట్టిపెట్టి డాక్టరుకు చూపించండి. మొదట చెవి పరీక్ష చేయిస్తారు. చేయించుకోండి. వినికిడి లోపం వేరు, యిది వేరు. ఒక్కొక్కప్పుడు రెండూ వుంటాయి.

దీని పేరు ఆటిజం. గ్రీకు భాషలో ఆటోస్ అంటే తాను. తనలో తానుండేది అన్న అర్థంలో పెట్టిన పేరు. బాల్టిమోరులో లియో కానర్ అనే డాక్టరు 1943లో పదకొండు మంది పిల్లలను గురించి వ్రాసిన వ్యాసంతో వైద్యశాస్త్రంలో యిది ఒక ప్రత్యేక స్థితిగా నిలబడింది. మందుతో పోయేది కాదు. అంటురోగం కాదు. పుట్టుకతో మెదడు ఎదిగే తీరులోనే వచ్చే తేడా. కొందరికి మాట బాగానే వస్తుంది, సంభాషణ రాదు. కొందరికి మాటే రాదు.

మాకు యీ సంగతి చెప్పిన రోజున మా చెల్లెలు ఏడవలేదు. ఇంటికి వచ్చి కూరలు తరుగుతూ, "నేను వాణ్ణి ఒళ్ళో పెట్టుకొని టీవీ చూసేదాన్ని అన్నయ్యా. అందువల్లనేనేమో" అన్నది. ఆ మాట అనకపోయినా అనటానికి బంధువులున్నారు. తల్లి సెల్‌ఫోను చేతికిచ్చింది అని ఒకరు, గర్భంతో వున్నప్పుడు గ్రహణం చూసింది అని యింకొకరు.

తల్లిమీద నేరం మోపటం మన పేటలో పుట్టిన జబ్బు కాదు. పెద్దపెద్ద చదువులు చదివినవారు కూడ యిదే చేశారు. తల్లుల మనసు మంచుగడ్డలా చల్లగా వుండటంవల్ల పిల్లలు యిలా అయ్యారని అమెరికాలో చాలాకాలం నమ్మారు. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఒక పెద్ద పుస్తకమే వ్రాశాడు. అంతకు మూడేళ్ళముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు అది తప్పు, యిది దేహధర్మానికి సంబంధించినది అని ఆధారాలతో వ్రాశాడు. ఆయన నౌకాదళంలో వుద్యోగి. తన కొడుకుకే యీ స్థితి వున్నది. చివరకు 1969లో కానర్ తానే తల్లిదండ్రుల సభలో నిలబడి, మీ తప్పేమీ లేదని వొప్పుకున్నాడు. నేను కచేరీలో గుమాస్తాను. తప్పుగా వ్రాసిన ఒక ఉత్తర్వును రద్దు చేయించటానికి ఎంతకాలం పడుతుందో నాకు తెలుసు. కాని యీ ఉత్తర్వు రద్దయి అర్ధశతాబ్దం దాటినా మా పెద్దమ్మ దాకా రాలేదు.

ఆ రోజులలోనే నార్త్ కరొలైనాలో ఎరిక్ షోప్లర్ అనే ఆయన తల్లిదండ్రులను నేరస్థుల బోనులోంచి దింపి, పని నేర్పే గురువుల పక్కన కూర్చోబెట్టాడు. 1972నుంచి ఆ రాష్ట్రమంతటా ఆ పద్ధతి నడిచింది. బిడ్డతో మేలుకొని వుండే గంటలన్నీ గడిపేది తల్లి. వారానికి ఒక గంట వచ్చే గురువు కన్న ఆమెకు నేర్పటమే మేలు గదా అన్నది ఆలోచన. వినటానికి తేలికగానే వున్నది. ఇక్కడ మన దేశంలో కూడ యిది తల్లులవల్లనే వచ్చింది. ఢిల్లీలో మెర్రీ బరువా అనే తల్లి 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం అన్న సంస్థ స్థాపించింది. ఎక్కడెక్కడినుంచో తల్లులు బిడ్డలతో వచ్చి, సుమారు మూడు నెలలు రోజూ కూర్చుని నేర్చుకొని పోయే తరగతి అక్కడ పెట్టారు. మన పట్నంలో కొట్టూరుపురంలోని విద్యాసాగర్ 1985లో పూనమ్ నటరాజన్ అనే తల్లి మొదలుపెట్టినదే. ఆమె బిడ్డది సెరిబ్రల్ పాల్సీ. స్పాస్టిక్స్ సొసైటీ పేరుతో మొదలయింది.

ఇక మా కథ. మా చెల్లెలికి ఆరు నెలల శిక్షణ దొరికింది. పదిహేను రోజులకొకసారి శనివారం వెళ్ళాలి. ఆఫీసుకు సెలవు గనుక తోడు నేను వెళ్ళేవాణ్ణి. నేర్పే ఆమె వయసు ముప్ఫై దాటదు. బల్ల, బెత్తం, బొమ్మల అట్టలు వుంటాయనుకున్నాను. ఏమీ లేవు. ఒక చాప, నాలుగు ఆటబొమ్మలు. "మీరు వాడితో పది నిమిషాలు ఆడండమ్మా" అని చెప్పి, సెల్‌ఫోనుతో చిత్రం తీసింది. తరవాత పిల్లవాణ్ణి నాకు అప్పగించి, ఆ చిత్రాన్ని మా చెల్లెలికే చూపించింది.

తనను తాను చూసుకొని మా చెల్లెలు నిర్ఘాంతపోయింది. ఆ పది నిమిషాలూ ఆమె అడగనిదే ఊపిరి తీయలేదు. "ఇదేమిటి? ఏ రంగు? బస్సు ఎలా అరుస్తుంది? చెప్పు! ఇటు చూడు! ఇదేమిటి?" తహశీల్దారు విచారణలా వున్నది. పిల్లవాడు బస్సును తలకిందులు చేసి చక్రం తిప్పుతున్నాడు. రెండుసార్లు వాడు తలయెత్తి తల్లివైపు చూశాడు. రెండుసార్లూ ఆమె యింకో బొమ్మ వెదుకుతున్నది. ఆమె చూడలేదు, పక్కన కూర్చున్న నేనూ చూడలేదు. నేర్పే ఆమె చిత్రాన్ని అక్కడ ఆపి, "చూశారా అమ్మా, యిక్కడ మిమ్మల్ని పిలిచాడు" అన్నది. అంతే. తిట్టలేదు, పాఠం చెప్పలేదు. దారిలో బస్సులో మా చెల్లెలు, "వాడు నన్ను ఎన్నిసార్లు పిలిచాడో అన్నయ్యా, యిన్నాళ్ళూ" అన్నది. రోగం పేరు విన్నరోజు రాని కన్నీళ్ళు ఆ రోజు వచ్చాయి.

ఈ పద్ధతికి పరీక్షలు జరిగాయి. ఇంగ్లండులో 152 మంది చిన్నపిల్లలతో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తల్లిదండ్రులు బిడ్డకు బదులిచ్చే తీరు బాగా మారింది గాని, ఆటిజం లక్షణాలలో అప్పుడు చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. చాలామంది పెదవి విరిచారు. సుమారు ఆరేళ్ళ తరవాత అవే పిల్లలను మళ్ళీ చూస్తే, శిక్షణ పొందిన యిళ్ళ పిల్లల్లో లక్షణాలు కొంత తక్కువగా వున్నట్టు 2016లో తేలింది. మన దగ్గర గోవాలోనూ, పాకిస్తాన్ రావల్పిండిలోనూ కలిపి 65 మంది పిల్లలతో అదే పద్ధతిని మనవాళ్ళకు తగినట్టు మార్చి చూశారు. నేర్పినవారు డాక్టర్లు కారు, నిపుణులు కారు. తర్ఫీదు పొందిన మామూలు కార్యకర్తలు. ఆరు నెలల్లో పన్నెండు సమావేశాలు. తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా బదులివ్వటం పెరిగింది, బిడ్డ తనంతట తాను పలకరించటం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే వస్తువుమీద దృష్టి పెట్టే సమయం మాత్రం పెరగలేదు సరిగదా, తగ్గింది. ఈ చివరి వాక్యం ప్రచార పత్రాలలో వెయ్యరు. నేను వేస్తున్నాను, ఎందుకంటే మా యింట్లోనూ అన్నీ కలిసిరాలేదు.

ఇంట్లో చేసిన పని ఏమిటని అడుగుతారు. చెప్పటానికి పెద్దగా ఏమీ లేదు. నేలమీద వాడికి ఎదురుగా, వాడి కళ్ళ ఎత్తున కూర్చోవాలి. వాడు ఏ ఆట ఆడితే ఆ ఆటే ఆడాలి. క్యారమ్ బిళ్ళలు పేరిస్తే మనమూ ఒకటి పెట్టాలి, మన యిష్టమైన ఆట వాడిచేత ఆడించకూడదు. (నాకు యిది అన్నిటికన్న కష్టమైంది. నలభై బిళ్ళలు పేర్చటంలో ఆనందమేమిటో మొదటి నెలంతా బోధపడలేదు. తరవాత కొంచెం బోధపడింది. ఆఫీసులో ఫైళ్ళు వరుసగా పెట్టుకున్నప్పుడు నాకూ అలాంటి తృప్తే కలుగుతుంది.) ప్రశ్నలు మానాలి. వాడు చూస్తున్న దానికి ఒక్క మాట అతికించి వూరుకోవాలి: "చక్రం." మరికొంచెం ఆగి, "చక్రం తిరిగింది." వాడు ఒక్క మాట అంటే మనం రెండు అనాలి, పది కాదు.

అన్నిటికన్న పెద్ద పని ఆగటం. మాట అనో, చెయ్యి చాపో, మనసులో ఒకటినుంచి పది దాకా లెక్కపెట్టి వాడికోసం కాచుకొని వుండాలి. మన తెలుగిళ్ళలో నిశ్శబ్దాన్ని ఎవరు భరిస్తారండీ? మూడు దాకా లెక్కపెట్టేసరికి పక్కనుంచి ఎవరో "చెప్పు నాన్నా, చెప్పు!" అంటారు.

మురుకులను మూత బిగించిన గాజు సీసాలో పెట్టి, కంటికి ఆనేచోట, చేతికి అందనిచోట వుంచమన్నారు. వాడు మా చెల్లెలి చెయ్యి పట్టుకొని లాగుతాడు. ఆమె వెంటనే తియ్యకుండా, సీసా తన మొహం పక్కగా పట్టుకొని ఆగుతుంది. వాడి కళ్ళు సీసానుంచి ఒక్క క్షణం ఆమె కళ్ళకు మారగానే "మురుకు" అని యిచ్చేస్తుంది. మాట అనలేదని యివ్వకుండా వుండదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి. మాట వచ్చేదాకా తిండి ఆపటం నేర్పటం కాదు, శిక్షించటం. చూపు కూడ మాటే, చెయ్యి పట్టుకొని లాగటమూ మాటే. మేము ఆ లాగుడును మూడేళ్ళు మొండితనం అనుకున్నాము.

ఇక శీర్షికకు పెట్టిన పేరు సంగతి. మూడున్నరేళ్ళప్పుడు వాడికి మాటలు వచ్చాయి గాని, మన మాటలే మనకు తిరిగి వచ్చాయి. మనం "పాలు కావాలా?" అని అడుగుతాం గదా, వాడికి పాలు కావలసివస్తే "పాలు కావాలా?" అనే అంటాడు, మన రాగంతోనే. ఒకసారి మా ఆఫీసు మిత్రుడొకరు యింటికి వచ్చారు. పిల్లవాడు ఆయన ముందు నిలబడి "బిస్కెట్టు కావాలా?" అన్నాడు. ఆయన ముచ్చటపడి, "వద్దు బాబూ, యిప్పుడే తిని వచ్చాను" అన్నారు. వాడు మళ్ళీ అడిగాడు, ఆయన మళ్ళీ వద్దన్నారు. మూడోసారికి వాడు నేలమీద పడి తల కొట్టుకొని ఏడ్చాడు. ఆయన భయపడిపోయారు. ఆకలేసిన బిడ్డ మూడుసార్లు మర్యాదగా అడిగితే మేము మూడుసార్లు కాదన్నామని మాకు చాలా తరవాత తెలిసింది.

ఇలా తిరిగి అనటం అర్థంలేని చిలకపలుకు కాదనీ, అందులో అడగటం, వొప్పుకోవటం, తనకు తాను ధైర్యం చెప్పుకోవటం వంటి పనులున్నవనీ అమెరికాలో బారీ ప్రిజాంట్ మొదలైనవారు 1980ల తొలినాళ్ళలోనే చూపించారు. వాడు మాటను ముక్కలుగా కాక మొత్తంగా, సందర్భంతో సహా పట్టుకుంటాడు. పాలగ్లాసు వచ్చేముందు ఎప్పుడూ వినబడే శబ్దం "పాలు కావాలా" కనుక పాలు తెప్పించే మంత్రం అదే.

దీనికి వుపాయం చాలా చిన్నది. వాడు ఏమనాలో అదే మనం అనాలి. గ్లాసు చూపించి "పాలు కావాలి" అనాలి. మన భాషలో చివర వున్న ఇకారానికీ ఆకారానికీ మధ్య ఎంత దూరమున్నదో ఆ రోజుల్లో నాకు తెలిసింది. ఇంట్లో పెద్దలంతా "ఆకలేస్తోందా?" మాని "ఆకలేస్తోంది", "నిద్రొస్తోందా?" మాని "నిద్రొస్తోంది" అనటం మొదలుపెట్టాము. చూసేవాళ్ళకు మా యింట్లో అందరికీ ఒకేసారి ఆకలీ నిద్రా వచ్చినట్టు వుండేది. ఇంగ్లీషులోలాగ నేను, నువ్వు అన్న మాటల తికమక మనకు అంత లేదు; తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. ఆ వెసులుబాటు యీ పిల్లలకు మేలే చేస్తుందని నా అభిప్రాయం. నేను పండితుణ్ణి కాను, చూసింది చెబుతున్నాను.

భాష మాట వచ్చింది గనుక మనబోటివారికి అన్నిటికన్న ముఖ్యమైన విషయానికి వస్తాను. వాడి స్థితి తెలిసిన కొత్తలో ఒక చోట మాకు సలహా యిచ్చారు: "మీ యింట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషలతో పిల్లవాడు తికమకపడతాడు. ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడండి." చెప్పినవారు దురుద్దేశంతో చెప్పలేదు. మేము చదువుకున్నవారి మాట అని తలవంచాము. నాకు ఆఫీసు ఇంగ్లీషు వచ్చు; విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్ అని మొదలుపెట్టగలను గాని, బిడ్డను బుజ్జగించటానికి ఆ ఇంగ్లీషు పనికిరాదు. మా చెల్లెలు "కమ్, సిట్, ఈట్" అనేది. అవన్నీ ఆజ్ఞలే. ముద్దుమాట ఒక్కటీ లేదు.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. కనుక మా అమ్మ మాట్లాడటం మానేసింది. ఎనిమిది నెలలు. వాడికి అన్నం పెట్టేటప్పుడు పెదవులు బిగించి పెట్టేది. "నా మాట వాడికి చెరుపు చేస్తుందటగా" అని పక్కింటావిడతో అన్నది. మేము నలుగురం పెద్దవాళ్ళం, ఆ మాట విని, వూరుకున్నాము. ఈ పట్నంలో నాలుగు తరాలుగా నిలుపుకున్న భాషను మా చేతులతోనే నొక్కామని నాకు ఆ రోజు తట్టలేదు. భాషకన్న పెద్దది, ఒక ముసలిదాని నోరు నొక్కాము.

శిక్షణలో నేర్పే ఆమె యీ సంగతి విని తల పట్టుకున్నది. ఆమె చెప్పినది తరవాత నేను చదివి సరిచూసుకున్నాను. 2012లో కెనడాలో మాంట్రియల్‌లోనూ, మరికొన్ని చోట్లా, రెండు భాషలున్న యిళ్ళలో పెరిగే ఆటిజం పిల్లలను, ఒకే భాషలో పెరిగేవారినీ పోల్చి చూశారు. రెండు భాషల పిల్లలు వెనకబడలేదు. తల్లికి ఏ భాషలో ప్రేమగా, పొడుగ్గా, తడుముకోకుండా మాట వస్తుందో ఆ భాషలోనే మాట్లాడమని యిప్పుడు చెబుతున్నారు. మిగతా భాష వీధిలోనూ బడిలోనూ ఎలాగూ వస్తుంది. మన చూలై పేరే చూడండి, అరవంలో చూళై అంటే ఇటుకల బట్టీ. తెలుగువాళ్ళం తరతరాలుగా అరవం పేరున్న పేటలో తెలుగు మాట్లాడుతూ బ్రతకలేదా?

ఆ శనివారం యింటికి వచ్చి మా చెల్లెలు అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నువ్వు వాడితో మాట్లాడు" అన్నది. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం వాణ్ణి వీపుమీద వేసుకొని ఉప్పుబస్తా ఆట మొదలుపెట్టింది. మా అమ్మకు ఆయాసం. "ఉప్పోయ్ ఉప్పు" అని రెండుసార్లు ఊపి ఆగిపోయింది, ఊపిరి తీసుకోవటానికి. ఆ ఆగటంలో వాడు మెడ చాపి అమ్మ మొహంలోకి తొంగి చూశాడు. అమ్మ మళ్ళీ ఊపింది, మళ్ళీ ఆయాసం, మళ్ళీ ఆగింది. నాలుగోసారి "ఊఁ" అన్నాడు. పది దాకా లెక్కపెట్టి ఆగమని మాకు ఆరు నెలలు నేర్పుతున్నారు. అమ్మ ఆయాసం దాన్ని వుత్తపుణ్యానికి చేసింది. మా చెల్లెలు దాన్ని ఫోనులో చిత్రం తీసి తీసుకుపోతే, నేర్పే ఆమె దాన్ని మరుసటి తరగతిలో, మా అనుమతితో, మిగతా తల్లులకు చూపించింది.

మాట రాని పిల్లల తల్లిదండ్రులు నిరాశపడవద్దు. బొమ్మల కార్డు చేతికిచ్చి అడిగే పద్ధతి 1985లో అమెరికాలోని డెలవేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనేవారు మొదలుపెట్టారు. మన పట్నంలోనే, ఐఐటిలో చదివిన అజిత్ నారాయణన్ విద్యాసాగర్ పిల్లలను చూసి ఆవాజ్ అనే సాధనం తయారుచేశారు. పలకలాంటి దానిమీద బొమ్మలు తాకితే అది వాక్యం పలుకుతుంది. బొమ్మలు అలవాటైతే నోటిమాట రాదని కొందరు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. బొమ్మ నోటికి అడ్డం కాదు, చేతికర్ర.

కాగితాల సంగతి లేకుండా నేను శీర్షిక ముగిస్తే మీరు నమ్మరు గనుక క్లుప్తంగా. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే వుండేవి, ఆటిజం పేరు లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం ఆ పేరును ఎక్కించింది. 2016 చట్టంలో ఇరవైఒక్క రకాలున్నవి, ఆటిజం వాటిలో ఒకటి. సర్టిఫికెట్టు తీసుకోవటానికి సిగ్గుపడి చాలామంది మానేస్తారు. మా బావ కూడ ఏడాది మానేశాడు. దానివల్ల బడిలోనూ పరీక్షలలోనూ వెసులుబాట్లు వస్తాయి. నేషనల్ ట్రస్టువారి నిరామయ భీమాలో చేరవచ్చు. ముట్టుకాడులో 2005లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ వున్నది, చూలైనుంచి దూరమే గాని వెళ్ళదగ్గది. ఫారములు నింపటంలో సందేహముంటే ఆదివారం ఉదయం పఠన మందిరంలో నేను దొరుకుతాను. మూడు నెలల్లో పూర్తిగా నయం చేస్తామని డబ్బు అడిగేవారి ప్రకటనలు తెచ్చి నాకు చూపించవద్దు. మాకు వాటిమీద పోయిన డబ్బు చాలు.

ఇప్పుడు ఎలా వున్నాడని అడుగుతారు. నలభై, యాభై మాటలున్నవి. నీళ్ళు తెలుగులో, వద్దు అనటం అరవంలో, బస్సు అందరి భాషలో. కొత్త మనుషులొస్తే యిప్పటికీ మంచం కింద దూరతాడు. పండుగ రోజుల్లో వీధిలో టపాకాయలు పేలితే రెండు రోజులు అన్నం తినడు. "పాలు కావాలి" అనటం వచ్చింది గాని జ్వరం వస్తే మళ్ళీ "పాలు కావాలా" అంటాడు. అప్పుడు మేము దిద్దము. పాలు యిస్తాము.

పోయిన వారం కరెంటు పోయిన రాత్రి అమ్మ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకొని పాట పాడుతున్నది. ఎనిమిది నెలల బాకీ తీర్చుకుంటున్నదో ఏమో, ఈ మధ్య ఆమె పాటలకు అంతు వుండదు. నాలుగో పాట మొదలుపెట్టగానే వాడు చెయ్యెత్తి ఆమె నోటిమీద పెట్టి, స్పష్టంగా, "చాలు" అన్నాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. అమ్మ పాట ఆపింది. తెల్లవారి పాలవాడికి, పూలమ్మికి, పక్కింటావిడకు, సందు చివర ఇస్త్రీ బండివాడికి కూడ చెప్పింది: "మా మనవడు నన్ను పాట ఆపమన్నాడు."